పేషెంట్‌ని ఎత్తడం: బండిలో మనం ఇద్దరమే, మిగతా చేతులన్నీ జనానివే

108 అంబులెన్స్‌లో కొత్తగా ఈఎంటీగానో (పేషెంట్‌ని చూసుకునేవాళ్ళు) పైలట్‌గానో (బండి నడిపేవాళ్ళు) చేరిన తమ్ముళ్ళ కోసం, చెల్లెళ్ళ కోసం రాస్తున్నా ఇది, ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్న ఎవరికైనా కూడా పనికొస్తుంది. నేను పదకొండేళ్ళు బండి మీద చేశా, ఎక్కువ కాలం ఒంగోలు వైపు హైవే మీద, రెండేళ్ళు పాడేరు ఏజెన్సీలో. ట్రైనింగ్‌లో పేషెంట్‌ని ఎత్తడం నేర్పేటప్పుడు నలుగురూ నేర్చుకున్న వాళ్ళే ఉంటారు, కింద నున్నటి గచ్చు ఉంటుంది, పడుకున్నవాడు మన బ్యాచ్ వాడే కాబట్టి కదలొద్దంటే కదలడు. తీరా డ్యూటీలోకి వచ్చాక చూస్తే బండిలో ఉండేది ఒక ఈఎంటీ, ఒక పైలట్ అంతే. మిగతా చేతులన్నీ అక్కడ గుమిగూడిన వాళ్ళవి, అందులో ఒకరు ఏడుస్తుంటారు, ఒకరు ఫోన్ పట్టుకుని వీడియో తీస్తుంటారు, ఇంకొకరు మనం దిగకముందే కాళ్ళు పట్టుకుని లాగడం మొదలుపెట్టేసి ఉంటారు. అందుకే మన నడుం కాపాడుకోవడం ఎంత ముఖ్యమో, ముక్కూ మొహం తెలియని నలుగురితో ఒక మనిషిని కుదుపు లేకుండా ఒకేసారి పైకి లేపించడం నేర్చుకోవడం కూడా అంతే ముఖ్యం.

ముందు ఎత్తకండి, ఒక్క నిమిషం చూడండి

బండి దిగగానే మొదటి ప్రశ్న "ఈ మనిషిని ఇప్పుడే కదపాలా?" అన్నది. పక్కన మంట ఉంది, కరెంట్ తీగ తెగి పడింది, బండ్లు ఆగకుండా వస్తున్న రోడ్డు మధ్యలో పడి ఉన్నాడు, నీళ్ళు పెరుగుతున్నాయి, ఇలాంటివి ఉంటే మెడ, వెన్ను అని ఆగకుండా ముందు పక్కకి తియ్యాల్సిందే. కరెంట్ షాక్ అయితే మాత్రం లైన్ ఆపించేదాకా ముట్టుకోవద్దు, కర్రతో తోసేద్దాం అనుకున్నా సరే, హై టెన్షన్ తీగల దగ్గర కర్ర కాపాడదు. ఇవేవీ లేకపోతే ఆ నిమిషం ఉపయోగించుకోండి, పలుకుతున్నాడా, ఊపిరి ఉందా, రక్తం ఎక్కడినుంచైనా ధారగా పోతోందా, చేతులు కాళ్ళు కదిలించగలుగుతున్నాడా, మెడ దగ్గర నొప్పి అంటున్నాడా.

ఊపిరి లేదు, స్పందన లేదు అంటే అసలు ఎత్తే ప్రసక్తే లేదు. ఇది నేను ప్రతి కొత్త బ్యాచ్‌కీ చెప్తా. ఇంటి వాళ్ళు "బండిలో వెయ్యండి సార్, ముందు హాస్పిటల్‌కి పోదాం" అని మీద పడతారు, అయినా సరే అక్కడే గట్టి నేల మీద పడుకోబెట్టి సీపీఆర్ (గుండె ఆగినవాళ్ళకి ఛాతీ నొక్కడం) మొదలుపెట్టాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ 5 నుంచి 6 సెంటీమీటర్లు దిగేలా. మెట్ల మీద మోస్తూ, బండి మలుపులు తిరుగుతుంటే చేసే సీపీఆర్‌లో ఆ లోతూ రాదు, ఆ వేగమూ రాదు, మోస్తున్నంత సేపూ గుండెకి చేసింది ఏమీ ఉండదు. మంచం పరుపు మీద ఉంటే మాత్రం కిందకి దించండి, పరుపు మీద మనం నొక్కిందంతా పరుపే తీసుకుంటుంది.

లాగాల్సి వచ్చినప్పుడు

ఒక్కరే ఉన్నారు, ప్రమాదం ఉంది, ఎత్తడం కుదరదు అంటే లాగండి. ఒకటే నియమం, పొడవునా లాగాలి, పక్కకి లాగకూడదు, తల వెన్ను కాళ్ళు ఒకే గీతలో ఉండాలి. చొక్కా వేసుకున్న మనిషైతే తల వైపు నిలబడి భుజాల దగ్గర కాలర్ వెనక గుడ్డ రెండు చేతుల్తో పిడికిట్లో పట్టుకుని, తల మన ముంజేతుల మధ్య ఆనేలా చూసుకుని వెనక్కి నడవాలి. చొక్కా బొత్తాలు మెడకి బిగుసుకుంటే ముందు పైవి రెండు విప్పండి. చీర కట్టుకున్నావిడని చీర పట్టుకుని లాగొద్దు, ఊడిపోతుంది, ఆవిడకి అవమానం కూడా, దుప్పటో టార్పాలినో భుజాల కిందికి చొప్పించి దాన్ని లాగండి. దుప్పటి ఉంటే ఎవరికైనా అదే మంచిది.

నలుగురిని ఎంచుకోవడం

ఇక ప్రమాదం లేదు, ఎత్తి స్ట్రెచర్ మీద వెయ్యాలి. గుంపులోకి చూసి "ఎవరైనా రండి" అంటే ఎవరూ రారు, వస్తే పదిమంది వస్తారు. వేలు చూపించి పిలవాలి, "అన్నా, నీలం చొక్కా, మీరు రండి, బాబాయ్ మీరు ఇటు". దాదాపు ఒకే ఎత్తు ఉన్నవాళ్ళని జంటలుగా పెట్టుకోండి, ఒకడు పొడుగు ఒకడు పొట్టి అయితే స్ట్రెచర్ ఒక పక్కకి ఒరుగుతుంది. తాగి ఉన్నవాళ్ళని, బాగా ఏడుస్తున్న రక్తసంబంధీకులని మోతకి పెట్టొద్దు, వాళ్ళకి వేరే పని చెప్పండి, దారి క్లియర్ చెయ్యమని, టార్చి పట్టుకోమని, సెలైన్ బాటిల్ పైకి పట్టుకోమని. పని చెప్తే ఏడుపు ఆగుతుంది, ఇది చాలాసార్లు చూశా.

హైవే యాక్సిడెంట్ల దగ్గర జనం వెనక్కి తగ్గేది పోలీసు కేసు భయంతో. వాళ్ళకి ధైర్యం చెప్పండి, 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఏ సెక్షన్ ప్రకారం, యాక్సిడెంట్‌లో సాయం చేసిన మనిషి మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతం చెయ్యకూడదు. "మీ పేరు ఎవరూ అడగరన్నా, ఈ పక్క పట్టుకోండి చాలు" అంటే ముందుకొస్తారు.

ఇంతమంది ఎందుకు అంటారా, లెక్క చెప్తా. అమెరికాలో నియోష్ అని పనిచేసేవాళ్ళ ఆరోగ్యం చూసే ప్రభుత్వ సంస్థ ఉంది, వాళ్ళ లెక్కలో అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఒక మనిషి ఎత్తాల్సిన బరువుకి పై హద్దు 23 కేజీలు. అదే సంస్థలో పనిచేసిన థామస్ వాటర్స్ 2007లో పేషెంట్లని చేతుల్తో ఎత్తేవాళ్ళ కోసం దాన్ని 35 పౌండ్లకి తగ్గించి చెప్పాడు, అంటే దాదాపు 16 కేజీలు. డెబ్భై కేజీల మనిషిని ఆ లెక్కన పంచితే నలుగురు కూడా సరిపోరు, స్ట్రెచర్ బరువు ఇంకా కలపలేదు. మనం ఇద్దరం "పర్లేదులే" అనుకుని ఎత్తేది ఎంతో ఆలోచించండి. నేను నాలుగో ఏడాదిలో అలాగే ఒక పెద్దాయన్ని మేడ మీద నుంచి పైలట్‌తో కలిసి ఇద్దరమే దించా, మలుపులో నడుం తిప్పా, అక్కడే కటుక్కుమంది. నడుం దగ్గర వెన్నెముకలో ఎల్4 ఎల్5 ఎముకల మధ్య డిస్క్, మూడు నెలలు మంచం మీద ఉన్నా, ఇప్పటికీ చలికాలం ఎడమ కాలు లాగుతుంది. కింద వీధిలో ఆరుగురు నిలబడి ఉన్నారు ఆ రోజు, ఒక్క కేక వేస్తే వచ్చేవాళ్ళు.

గొంతు ఒక్కటే ఉండాలి

తల దగ్గర ఉన్నవాడే లీడర్, మామూలుగా మీరే. అందరికీ ముందే చెప్పాలి ఏం చెయ్యబోతున్నామో, ఎక్కడిదాకా ఎత్తబోతున్నామో, ఎటు తిరగబోతున్నామో. "ఒకటి రెండు మూడు" అనే లెక్కతో పెద్ద గొడవ ఒకటుంది, సగం మంది మూడు అనగానే ఎత్తుతారు, సగం మంది మూడు అయ్యాక ఎత్తుతారు, ఆ అర సెకను తేడాలో పేషెంట్ మెలిపడతాడు. అందుకని నేను లెక్క చివర మాట పెడతా, "రెడీనా? ఒకటి, రెండు, ఎత్తు". ఎత్తు అన్న మాట మీదే ఎత్తాలి అని ముందు చెప్తా, ఒకసారి చేతులు పెట్టించి ఎత్తకుండా ఉత్తినే అనిపిస్తా. పది సెకన్లు పడుతుంది, అంతే. దించేటప్పుడు కూడా అలాగే, "ఒకటి, రెండు, దించు". ఎవరికైనా చెయ్యి జారుతుంటే "ఆపు" అని అరవమనండి, ఆపు అన్న మాట ఎవరు అన్నా అందరూ ఆగాలి.

పేషెంట్‌కి కూడా చెప్పండి, స్పృహ ఉన్నా లేనట్టున్నా. "పెద్దమ్మా, ఇప్పుడు మిమ్మల్ని ఎత్తుతున్నాం, చేతులు గుండెల మీద పెట్టుకోండి, ఎవర్నీ పట్టుకోవద్దు." చెప్పకుండా ఎత్తితే భయపడి పక్కవాడి మెడో రెయిలింగో పట్టేసుకుంటారు, బరువు మొత్తం ఒక్కసారిగా అటు పోతుంది.

మన ఒళ్ళు

పాదాలు భుజాలంత ఎడం, ఒకటి కాస్త ముందుకి. మోకాళ్ళు వంచి కూర్చున్నట్టు దిగాలి, నడుం నిటారు, తల పైకి. అరచేతులు పైకి ఉండేలా, వేళ్ళు మొత్తం చుట్టూ బిగించి పట్టుకోవాలి, కొసవేళ్ళతో కాదు. బరువు పొట్టకి దగ్గరగా ఉండాలి, చేతులు చాపి ఎత్తితే అదే బరువు నడుం మీద ఎన్నో రెట్లు పడుతుంది. లేచేటప్పుడు తొడల బలంతో లేవాలి, ఊపిరి బిగపట్టొద్దు. తిరగాలంటే పాదాలు మార్చుకుంటూ తిరగాలి, నడుం తిప్పకూడదు, నా డిస్క్ సంగతి పైన చెప్పాగా. స్ట్రెచర్‌ని లాగడం కన్నా తొయ్యడం మంచిది. చెప్పులతో డ్యూటీకి రావద్దు, బురదలో ఒక్కసారి జారితే ముగ్గురు పడతారు.

వెన్ను దెబ్బ అనుమానం ఉంటే

ఎత్తు నుంచి పడ్డవాళ్ళు, తాటిచెట్టు మీద నుంచి పడ్డ గీత కార్మికులు, బండి గుద్దేసినవాళ్ళు, మెడ నొప్పి అనేవాళ్ళు, కాళ్ళు తిమ్మిరి అనేవాళ్ళు, వీళ్ళని చంకల్లో చేతులేసి కూర్చోబెట్టడం అస్సలు వద్దు. స్కూప్ స్ట్రెచర్ ఉంటే అదే వాడండి, రెండు ముక్కలుగా విడదీసి చెరో పక్క నుంచి కిందికి చొప్పించి కలిపేస్తే మనిషిని పెద్దగా తిప్పాల్సిన పనే ఉండదు. తుంటి ఎముకలు చితికాయన్న అనుమానం ఉన్నప్పుడు దొర్లించడం ఇంకా ప్రమాదం, లోపల ఆగిన రక్తం మళ్ళీ మొదలవుతుంది, అప్పుడు స్కూపే.

స్పైన్ బోర్డే (వెన్ను కదలకుండా మోసే గట్టి పలక) ఉంటే లాగ్ రోల్ చెయ్యాలి, అంటే ఒళ్ళంతా ఒకేసారి పక్కకి దొర్లించడం. మీరు తల వైపు మోకాళ్ళ మీద కూర్చుని రెండు అరచేతుల్తో చెవుల పక్కన తల పట్టుకోండి, వదలొద్దు. ముగ్గురు ఒకే పక్క, ఒకరి చేతులు అవతలి భుజం, నడుం మీద, రెండో వారివి తుంటి, తొడ మీద, మూడోవారివి మోకాలు, పిక్క మీద, పక్కపక్క వాళ్ళ చేతులు కాస్త ఒకదాన్నొకటి దాటేలా. మీ మాట మీద ముగ్గురూ తమ వైపుకి దుంగ దొర్లినట్టు తిప్పుతారు, ఇంకొకరు బోర్డుని వీపు కిందికి జరుపుతారు, మళ్ళీ మీ మాట మీద దాని మీదకి. ముక్కు బొడ్డు ఒకే గీతలో ఉండాలి, జనానికి ఇదే చెప్పండి, "ముక్కూ బొడ్డూ ఒకే వైపు చూడాలి", వెంటనే అర్థమవుతుంది. బోర్డు మీద మధ్యలోకి జరపాలంటే పక్కకి నెట్టకుండా పొడవునా కిందికీ పైకీ జరుపుతూ తీసుకురావాలి. బెల్టులు ముందు ఛాతీ, తర్వాత తుంటి, తర్వాత కాళ్ళు, ఆఖరికి తల. తల ముందు కట్టేస్తే ఒళ్ళు జారినప్పుడు మెడే విరుగుతుంది. ఇంకోటి, బోర్డు మోయడానికి, పడుకోబెట్టి ఉంచడానికి కాదు, హాస్పిటల్‌కి చేరగానే దాని మీద నుంచి దించమని చెప్పండి, గంటల తరబడి ఉంచితే వీపు పుండ్లు పడతాయి. మెడ కదలకుండా పెట్టే కాలర్ కూడా, గింజుకుంటున్న మనిషికి బలవంతంగా బిగించొద్దు, ఆ పెనుగులాటలోనే మెడ ఎక్కువ కదులుతుంది.

హెల్మెట్ ఉన్నవాడిని చూడగానే జనం చేసే మొదటి పని దాన్ని ఒక్క గుంజు గుంజడం. ఆపండి. ఇద్దరు కావాలి, ఒకరు కింద నుంచి దవడ, మెడ వెనక భాగం ఆపి పట్టుకోవాలి, రెండోవారు హెల్మెట్ పక్కలు విడదీసి కొంచెం వెనక్కి వంచుతూ ముక్కు దాటించి మెల్లగా తియ్యాలి.

ఆటోల సంగతి కూడా ఇక్కడే. మనం వచ్చేలోపు ఆటోలో మడిచి కూర్చోబెట్టి తీసుకుపోతుంటారు, మంచి మనసుతోనే, కానీ విరిగిన వెన్ను మడిస్తే జీవితాంతం కాళ్ళు పోతాయి. ఫోన్‌లో మాట్లాడే అవకాశం దొరికితే "కదపకండి, గొడుగు పట్టండి, రక్తం వచ్చేచోట గుడ్డతో నొక్కి పట్టుకోండి, వస్తున్నాం" అని చెప్పండి.

బాత్రూంలో పడ్డ మామ్మ

వారానికి ఒక్కటైనా ఉంటుంది ఈ కేసు. తడి గచ్చు, తలుపు లోపలికి తెరుచుకుంటుంది, మామ్మ అడ్డంగా పడి ఉంటుంది, ఒక కాలు పొట్టిగా కనిపిస్తుంది, పాదం బయటికి తిరిగి ఉంటుంది. అది తుంటి దగ్గర విరిగిందనే గుర్తు. అప్పటికే కొడుకూ కోడలూ చంకల్లో పట్టి రెండుసార్లు లేపడానికి చూసి ఉంటారు, ఆవిడ భుజం కూడా నొప్పి అంటుంటుంది. ముందు నేల ఆరబెట్టండి, గోనె సంచో పాత తువ్వాళ్ళో పరవండి. రెండు కాళ్ళ మధ్య దిండు పెట్టి, బాగున్న కాలికి విరిగిన కాలిని వెడల్పాటి గుడ్డలతో కట్టండి, కాలు గుంజి తిన్నగా చెయ్యొద్దు. స్కూప్ పట్టకపోతే ఇంట్లో జంపఖానా అడగండి, పల్చటి బెడ్‌షీట్ కన్నా అది వంద రెట్లు నయం, నలుగురి బరువు లాగినా చిరగదు. కొంచెం పక్కకి తిప్పి కిందికి చొప్పించి, అంచులు ఒంటికి ఆనేదాకా చుట్టేసి, పక్కకి ఇద్దరో ముగ్గురో పట్టుకుని, ఒక మోకాలు నేల మీద పెట్టి లేవాలి. మొదట మోకాలి ఎత్తుకి, ఆగి ఊపిరి తీసుకుని, తర్వాత నిలబడ్డ ఎత్తుకి. ఒళ్ళు కప్పండి, ఆవిడ తడి బట్టల్లో ఇంతమంది మగవాళ్ళ ముందు ఉంది, ఆ సిగ్గు నొప్పి కన్నా ఎక్కువ బాధ పెడుతుంది కొందరిని.

మెట్లు, లిఫ్టులు

అపార్ట్‌మెంట్ లిఫ్టుల్లో చాలావాటిలో స్ట్రెచర్ పట్టదు. వెన్ను దెబ్బ లేదు, స్పృహ ఉంది అంటే స్టెయిర్ చెయిర్ (మెట్ల మీద మనిషిని మోసే కుర్చీ), అది లేకపోతే చెక్క కుర్చీ, ప్లాస్టిక్ కుర్చీ వద్దు, కాళ్ళు విచ్చుకుపోతాయి. దుప్పటితో ఛాతీ దగ్గర కుర్చీకి కట్టేయండి. దిగేటప్పుడు పాదాలు ముందు, తల పై వైపు, ఎక్కేటప్పుడు తల ముందు. కింద ఉన్నవాడి మీదే బరువు ఎక్కువ, గట్టివాడిని అక్కడ పెట్టండి, అతని వెనక ఇంకొకరు నడుం మీద చెయ్యి ఆనించి "ఇంకొక మెట్టు, ఇంకొకటి, మలుపు" అని చెప్తూ దిగాలి, ఎందుకంటే వెనక్కి దిగేవాడికి మెట్టు కనపడదు. ప్రతి మలుపు దగ్గర దించి చేతులు మార్చుకోండి. గుండె నొప్పి, ఆయాసం ఉన్నవాళ్ళని "నడవగలను బాబూ" అన్నా నడిపించొద్దు, ముఖ్యంగా మెట్లు.

ఎవరిని ఎలా పడుకోబెట్టాలి

ఆయాసపడేవాడిని పడుకోబెడితే ఇంకా ఊపిరాడదు, వీపు లేపి కూర్చోబెట్టే తీసుకెళ్ళండి. స్పృహ లేదు, ఊపిరి ఉంది, దెబ్బలు లేవు అంటే పక్కకి తిప్పి, వాంతి నోట్లోంచి బయటికి పోయేలా. పురుగుల మందు తాగినవాళ్ళని కూడా అంతే, గ్లౌజులు లేకుండా మాత్రం ముట్టుకోవద్దు, బట్టలకి మందు అంటి ఉంటే తీసేసి దుప్పటి కప్పి ఎత్తండి, మోసేవాళ్ళకీ అది చర్మం మీద నుంచి ఎక్కుతుంది. అయిదు నెలలు దాటిన గర్భిణిని వెల్లకిలా పడుకోబెడితే కడుపు బరువు పెద్ద రక్తనాళం మీద పడి కళ్ళు తిరుగుతాయి, ఎడమ పక్కకి తిప్పండి, బోర్డు మీద ఉంటే బోర్డు కుడి పక్క కింద మడిచిన దుప్పటి పెట్టి మొత్తం బోర్డునే ఎడమకి వాల్చండి. పాము కరిచినవాడు పొలం గట్టు మీద నుంచి నడిచి రాకూడదు, పరిగెత్తడం అసలు వద్దు, కరిచిన కాలు కదలకుండా కట్టి మోసుకురావాలి. బండి రాలేని దారి అయితే బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టి వెనక ఒకరు పట్టుకుని తీసుకొచ్చినా నయమే, నడిపించడం కన్నా.

డోలీ

పాడేరు వైపు కొండల మీద గూడేలకి బైక్ అంబులెన్స్ కూడా చేరని చోట్లు ఇంకా ఉన్నాయి. అక్కడ కర్రకి దుప్పటి కట్టి ఇద్దరు భుజాన వేసుకుని కిలోమీటర్లు నడుస్తారు, ఆ మోసే వాళ్ళ ఓపికకి దండం పెట్టాలి. అక్కడికి రోడ్డు వేయాల్సిన బాధ్యత వాళ్ళది కాదు, అయినా వాళ్ళే మోస్తున్నారు. మీరు ఎదురెళ్ళేటప్పుడు, లేదా ఆశా కార్యకర్తతో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు ఇవి చెప్పండి. డోలీలో ఒళ్ళు విల్లులా వంగుతుంది, స్పృహ లేనివాళ్ళకి గడ్డం ఛాతీకి ఆని ఊపిరి దారి మూసుకుంటుంది, కాబట్టి స్పృహ లేనివాళ్ళకి, వెన్ను దెబ్బ ఉన్నవాళ్ళకి డోలీ వద్దు, మంచాన్ని తాళ్ళతో రెండు వెదురు బొంగులకి కట్టి నలుగురు మొయ్యాలి. గర్భిణి అయితే ఎడమ పక్కకి, ముఖం కనిపించేలా పక్కన ఒక ఆడమనిషి నడవాలి, మోసేవాళ్ళు ఎనిమిది మంది ఉంటే అలసిపోకముందే మార్చుకుంటూ పోవచ్చు. దారిలో "ముక్కాలనిపిస్తోంది" అంటే పరుగు పెంచొద్దు, దించండి, చదునైన చోట చూసి కాన్పుకి సిద్ధం చెయ్యండి. వాగు దాటేటప్పుడు ముందు ఒకరు కర్రతో లోతు చూసుకుంటూ వెళ్ళాలి, ప్రవాహం జోరుగా ఉంటే ఈ గట్టునే ఆగి మనకి కబురు చెయ్యాలి.

బండి ఎక్కించాక

స్ట్రెచర్ కదపకముందే బెల్టులన్నీ పెట్టాలి, రెండు నిమిషాల దూరమే కదా అని వదిలెయ్యొద్దు. గతుకుల నేల మీద స్ట్రెచర్ కిందికి దించి తోసుకెళ్ళండి, ఎత్తులో ఉంటే పక్కకి తిరగబడుతుంది. సెలైన్ ట్యూబ్, ఆక్సిజన్ పైపు, యూరిన్ బ్యాగ్ ఎక్కడైనా తగులుకున్నాయేమో ఎత్తే ముందు చేత్తో తడిమి చూడండి, చక్రానికి చుట్టుకున్న యూరిన్ పైపు ఎంత నొప్పి పెడుతుందో ఒకసారి చూశాక నేను మర్చిపోలేదు. తల ముందు పెట్టి లోపలికి తొయ్యాలి, లాక్ పడ్డ చప్పుడు విన్నాక చేత్తో ఒకసారి గుంజి చూడాలి.

హాస్పిటల్‌లో మంచం మీదకి మార్చేటప్పుడు రెండూ ఒకే ఎత్తులో పెట్టి, రెండింటి చక్రాలూ లాక్ చేసి, కింద ఉన్న దుప్పటితో సహా జరపండి, మనిషిని విడిగా ఎత్తొద్దు. వార్డు బాయ్‌కీ నర్సమ్మకీ కూడా "ఒకటి, రెండు, జరుపు" అని ముందే చెప్పండి. ఆ తర్వాత బయటికొచ్చి బెల్టుల మీది రక్తం హైపో నీళ్ళతో (క్రిములు చంపే హైపోక్లోరైట్ ద్రావణం) తుడిచి, బకిల్ పడుతోందో లేదో చూసి, స్ట్రెచర్ కాళ్ళు ఒకసారి దించి ఎత్తి చూసి అప్పుడు "ఖాళీ" అని చెప్పండి. తర్వాతి కాల్ ఎప్పుడొస్తుందో తెలీదు, అక్కడికెళ్ళాక బకిల్ ఊడితే చేసేదేమీ ఉండదు.